సూర్యనారాయణ గారు తెచ్చిన స్టే

“భయపడకు తల్లీ. ఇట్టాంటి ఓనర్లని నేను చాలామందిని చూశాను. ఒకణ్ణయితే ఒక్క మాటతో గుమ్మంలోనే ఆపేశాను. ఒకే ఒక్క మాటమ్మా. అంతకంటే ఎక్కువ చేశానని నేను చెప్పను. గొప్పలు చెప్పుకోడం నాకు మొదట్నుంచీ గిట్టదు.”

సూర్యనారాయణ గారు ఈ మాట అనేసరికి దశరథ్ టీ గిన్నెలో ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు. దశరథ్‌ది బీహారు, తెలుగు ముక్క రాదు. అయినా ఆయన గొంతు ఏ శ్రుతిలో మొదలైతే ఎన్ని టీలు అమ్ముడవుతాయో అతనికి బాగా తెలుసు.

ఢిల్లీ బేర్ సరాయ్‌లో మా సందుకి ఇటు దశరథ్ టీ బండి, అటు హనుమాయమ్మ గారి మెస్సు. మధ్యలో రెండు స్కూటర్లు పక్కపక్కన పట్టనంత దారి. పొద్దున పదింటికి టిఫిన్లు అయిపోయాక సివిల్స్ చదివే మాలాంటివాళ్ళం కాసేపు టీ బండి బెంచీ మీద కూలబడతాం. నా పేరు మహేష్, మాది జగిత్యాల, ఇది నా మూడో ప్రయత్నం. సూర్యనారాయణ గారిది రాజోలు. ధౌలా కువాన్ అవతల కంటోన్మెంటులో స్టోరు హవల్దారుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఆయన కాపలా కాసింది దుప్పట్లకీ బూట్లకీ. కానీ ఆయన మాటలు వింటే ఆ సంగతి రెండో గంటలో గాని బయటపడదు.

ఆ రోజు బెంచీ చివర ఒక కొత్తమ్మాయి కూర్చుని ఉంది. పేరు శ్రీవల్లి, అనంతపురం జిల్లా. పక్క సందులో మూడో అంతస్తు గదిలో ఉంటుంది. బిల్డింగంతా ఏసీ పీజీ చేస్తానని వాళ్ళ ఓనరు నిన్న ఆమె గదికి కరెంటూ నీళ్ళూ కట్ చేశాడు. ఇవాళ పొద్దున ఒక హిందీ కాగితం చేతిలో పెట్టాడు. నా అంతట నేనే ఇష్టపడి గది ఖాళీ చేస్తున్నాను అని దాని సారాంశం. సాయంత్రం ఐదులోగా దాని మీద సంతకం పెట్టి సామానుతో కిందికి దిగాలట. ప్రిలిమ్స్‌కి ఇంకా మూడు వారాలు. పరీక్ష ముందు బేర్ సరాయ్‌లో గది దొరకడమంటే మాటలు కాదు. గది పోయిందని తెలిస్తే వాళ్ళ నాన్న ఇంటికి రమ్మంటాడు, వెళ్తే మళ్ళీ పంపడు. ఇదంతా చెప్పి, కాగితం ఒళ్ళో పెట్టుకుని, చల్లారిపోతున్న టీ వైపు చూస్తూ కూర్చుంది. నేను ఈ నాలుగేళ్ళలో నాలుగు గదులు ఖాళీ చేశాను. ఒక్కసారి కూడా నోరెత్తలేదు. కాబట్టి ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సూర్యనారాయణ గారి దగ్గర ఉంది.

“ఏడేళ్ళయ్యిందమ్మా. ఇదే సందు. ఇదిగో, ఎదర కనిపిస్తోందే, ఈ మెస్సే. నీ ఓనరుకి పట్టిన పురుగే అప్పట్లో హనుమాయమ్మ గారి ఓనరుకీ పట్టింది. మెస్సు తీయించేసి జిమ్ము పెడతానన్నాడు. ఒక సోమవారం పొద్దున్న కటింగ్ ప్లేయరు పట్టుకుని మీటరు దగ్గరికొచ్చాడు. నేనిక్కడే, ఈ బెంచీ మీదే టీ తాగుతున్నాను. లేచాను. మెల్లిగా ఎల్లాను. భుజం మీద చెయ్యేశాను. ‘భయ్యా, కోర్టు ఆర్డర్ హై క్యా?’ అన్నాను. అంతే! ప్లేయరు చేతిలోంచి జారి కింద పడింది.”

“కాలి మీద పడ్డదన్నరు గదా అంకుల్ పోయినసారి?” అన్నాను.

“కాలి మీదే పడింది. బొటనవేలి మీద. చెప్పనిస్తే కదా! ఆ వేలు ఇప్పటికీ వంకరే, కావాలంటే ఎల్లి చూసుకో. కోర్టు ఆర్డరు లేకుండా అద్దెకున్న మనిషిని బయటికి నెట్టకూడదమ్మా. కరెంటు తియ్యకూడదు, నీళ్ళాపకూడదు, తాళం ఎయ్యకూడదు. అది చట్టం. చట్టం అన్న మాట నా నోట్లోంచి వచ్చిన ఊపుకి వాడి మీసం ఒక పక్కకి వాలిపోయింది. అక్కడితో అయిపోయుంటే నేనిది చెప్పుకునేవాణ్ణే కాదు. ఆ తర్వాత ఏవయ్యిందో తెలుసా?”

శ్రీవల్లి తెలియదన్నట్టు తల ఊపింది.

“మంగళవారం పొద్దున్న వాడు పది మందిని ఏసుకొచ్చాడు.”

“ఆరుగురు అంకుల్.”

“ఆరుగురు ముందు, నలుగురు ఎనకాల. కలిపితే ఎంత? సివిల్స్ చదువుతున్నావు, ఆ మాత్రం కూడిక రాదా? పది మందీ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. నేను మెస్సులోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా ఏసుకుని కూర్చున్నాను. ‘నన్ను దాటి ఎయ్యండ్రా తాళం’ అన్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే మూడు రోజులు. టిఫిను అక్కడే, భోజనం అక్కడే, గెడ్డం గీయించుకున్నది కూడా అక్కడే. నాలుగో రోజు ఏదో పని పడి లేద్దామంటే కుర్చీ కదలదే! ఏవిటా అని వంగి చూద్దును కదా, నాలుగు కాళ్ళూ సిమెంటులోకి దిగిపోయి వేళ్ళు తన్నేశాయి.”

“ప్లాస్టిక్ కుర్చీనా సార్?” శ్రీవల్లి మొదటిసారి నోరు విప్పింది.

“ప్లాస్టిక్కే తల్లీ. నేల అట్టాంటిది. పందొమ్మిదేళ్ళు హనుమాయమ్మ గారు గంజి వార్చి పోసిన నేల, ఏది నాటినా మొలవాల్సిందే. వారం తిరిగేసరికి చేతుల పక్కన రెండు చిగుళ్ళు కూడా వచ్చాయి. కార్పొరేషనోళ్ళు వచ్చి చూశారు. ఇది కదిలే సామాను కాదు, కట్టడం అని రాసుకున్నారు. కుర్చీకి ఒక డోరు నంబరు కొట్టి ఎల్లిపోయారు. ఇంక వాడు మెస్సుని ఖాళీ చేయించాలంటే ముందు నన్ను ఖాళీ చేయించాలి. నన్ను ఖాళీ చేయించాలంటే నాకు వేరే నోటీసివ్వాలి. చూశావా మెలిక?”

కుర్చీకి చిగుళ్ళు వచ్చిన సంగతి దశరథ్‌కి హిందీలో చెప్పాను. అతను గరిటె ఆపి మెస్సు గుమ్మం వైపు ఒకసారి చూసి, “అచ్ఛా?” అన్నాడు. శ్రీవల్లి పెదవుల మీదికి ఏదో రాబోయి ఆగిపోయింది. సూర్యనారాయణ గారు అది కనిపెట్టారు. కనిపెట్టి, శ్రుతి ఇంకా పెంచారు.

“వాడు ఊరుకుంటాడా? ఫరీదాబాద్ ఎల్లి ఒక పహిల్వాన్‌ని తెచ్చాడు. ఆ మనిషి ఆటోలో పట్టక రెండాటోల్లో వచ్చాడు. వచ్చి, నన్నూ కుర్చీనీ కలిపి ఎత్తుదామని రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఒక్క గుంజు గుంజాడు. కుర్చీ రాలేదమ్మా! సందు లేచింది. మొత్తం సందు బెత్తెడు పైకి లేచింది. మూడో అంతస్తుల్లో పిల్లల పుస్తకాలన్నీ ఒకళ్ళవి ఇంకొకళ్ళ గదుల్లోకి పోయాయి. ఆ ఏడాది చరిత్ర చదివినోడు భూగోళం రాసి పాసయ్యాడు.”

“అందుకేనా నేను పోయినసారి ఫెయిలయింది?” అన్నాను.

“నువ్వు ఫెయిలయింది టీ బండి దగ్గర కూర్చోబట్టి. ఇంతలో లోపల్నుంచి హనుమాయమ్మ గారు ముద్దపప్పులో నెయ్యేసి, ఆవకాయ కలిపి, ఒక కంచం పట్టుకొచ్చి ఆ పహిల్వాన్ చేతిలో పెట్టింది. తిన్నాడు. ఇంకో కంచం తిన్నాడు. పదకొండో కంచం దగ్గర వాళ్ళమ్మ గుర్తొచ్చి భోరుమన్నాడు. ఆ ఏడుపు ఆపడానికే సాయంత్రమయ్యింది. మర్నాటి నించి మా పక్షానే నిలబడి పిండి రుబ్బిపెట్టాడు.”

సందు అవతల మెస్సు గుమ్మంలో హనుమాయమ్మ గారు ముక్కాలిపీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. తన పేరు వినబడి తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి, బక్కగా ఉంటుంది. మేమంతా మామూలుగా ఆంటీ అనీ, ఆకలేస్తే అమ్మా అనీ పిలుస్తాం. ఎప్పటిలాగే నవ్వి మళ్ళీ బెండకాయల్లో పడింది.

“ఇట్టా కాదు, మనవే కోర్టుకెల్దాం అన్నాను. అక్కడొచ్చింది చిక్కు. ఎప్పుడో నోటిమాట మీద తీసుకున్న గది. అద్దె కాగితం లేదు. మీరు ఇక్కడున్నట్టు ఋజువేది అంటారు కదా? ఆవిడ గాభరా పడింది. నేను నవ్వాను. ఏం, ఎందుకు నవ్వానో చెప్పు?”

“చెప్పండి సార్.”

“మీ సివిల్స్ పిల్లల పద్ధతి నీకు తెలియంది కాదు. పదకొండు నెలలకో గది మారతారు. మారినప్పుడల్లా అడ్రసు మార్చుకుంటూ పోతే పరీక్షోళ్ళ ఉత్తరాలు గల్లంతు. అందుకని బేర్ సరాయ్ తెలుగోళ్ళందరిదీ ఒకటే అడ్రసు. కేరాఫ్ హనుమాయమ్మ మెస్సు. ఇంటర్వ్యూ కాగితాలూ, బ్యాంకు కార్డులూ, ఊళ్ళోంచి తాతలు రాసిన కార్డుముక్కలూ అన్నీ ఇక్కడికే. పిల్లలు ఎల్లిపోయాక వచ్చినవి కూడా ఆవిడ పారెయ్యలేదు. ఎప్పుడైనా తిరిగొచ్చి అడుగుతారేమోనని ఒక పెద్ద స్టీలు డబ్బాలో దాచింది. పందొమ్మిదేళ్ళ ఉత్తరాలు! ఇంతకంటే ఋజువేం కావాలి?”

ఈ ఒక్క ముక్క అక్షరాలా నిజం. నా పాన్ కార్డు కూడా ఆ డబ్బాలో నాలుగు నెలలు ఉంది.

“ఆ డబ్బా భుజానికెత్తుకుని సాకేత్ కోర్టుకెల్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు డబ్బాలో ఏవుందన్నారు. మూత ఇట్టా తీశాను. అంతేనమ్మా, అందరి కళ్ళలోనూ నీళ్ళు! రెండడుగులు ఎనక్కేసి దారిచ్చారు. ఒకడు ముక్కు తుడుచుకుంటూ ఎల్లి పై ఆఫీసర్ని పిలుచుకొచ్చాడు. ఆయనా డబ్బాలోకి తొంగి చూశాడు. చూసి, ఆయనా ఏడ్చాడు.”

“ఉత్తరాలు చదవకుండనే ఏడ్సిండ్రా?”

“కొన్ని ఉత్తరాలు చదవక్కర్లేదయ్యా, చూస్తే చాలు. లోపలికెల్లాను. జడ్జిగారి బల్ల మీద ఒక్కొక్కటీ తీసి పెడుతున్నాను. ఇది ఫలానా కలెక్టరు గారిది, ఇది ఫలానా ఎస్పీ గారిది, ఈ అబ్బాయికి ఉద్యోగం రాలేదు గాని బంగారం లాంటి పిల్లాడు. తీస్తూనే ఉన్నాను. బల్ల నిండింది. హాలు నిండింది. కిటికీల్లోంచి పొంగి రోడ్డు మీద పడ్డాయి. ధౌలా కువాన్ దగ్గర బస్సులు మోకాలి లోతు ఉత్తరాల్లో ఆగిపోయాయి. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీలోళ్ళు మంచు పడుతోందనుకుని స్వెట్టర్లు ఏసుకున్నారు. మే నెలలో!”

“డబ్బా ఎంతుంటది అంకుల్?”

“పది కిలోల డబ్బా. ఆవిడ నొక్కి నొక్కి పెట్టిందయ్యా! సరే, అవతలి లాయరు అడ్డం చెబుదామని లేచాడు. నేను ఒక్క చూపు చూశాను. నల్లకోటు విప్పి తెచ్చి నా భుజాల మీద కప్పి, కింద కూర్చున్నాడు. ఇంక నేను మొదలెట్టాను. హిందీలో ఒక గంట, ఇంగ్లీషులో ఒక గంట, గొంతెండిపోతే తెలుగులో. జడ్జిగారికి తెలుగు రాదు. అయినా తెలుగులో మొదలెట్టాకే ఆయన పెన్ను తీశాడు. ‘సూర్యనారాయణ జీ, ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను, ఇంత మాట ఎవడూ మాట్లాడలేదు’ అని లేచి నిలబడి స్టే ఇచ్చాడు. ఆ స్టే మామూలు స్టే అనుకున్నావా?”

దశరథ్ గ్లాసులు నింపి అందరికీ ఇచ్చాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

“సంతకం పెట్టి కింద గీత గీశాడు. అంతే, ఢిల్లీ మొత్తం ఆగిపోయింది. మెట్రో రెండు స్టేషన్ల మధ్య ఆగింది. పావురాలు గాల్లో ఎక్కడివక్కడే. ఈ దశరథ్ పోస్తున్న టీ గిన్నెకీ గ్లాసుకీ మధ్యన తాడులా నిలబడిపోయింది. పావుగంట సేపమ్మా! పావుగంట ఈ ఊళ్ళో ఏ ఓనరూ ఎవర్నీ ఖాళీ చేయించలేకపోయాడు. ఫుట్‌పాత్ మీదికి గెంటిన మంచాలు ఇళ్ళలోకి ఎల్లిపోయాయి. లారీ ఎక్కించిన బీరువాలు దిగొచ్చాయి. క్యాలెండర్లు ఎవరి మేకుకి వాళ్ళు తగులుకున్నాయి. ఎప్పుడో నాలుగేళ్ళ కిందట ఏం చెయ్యాలో తెలీక తలొంచుకుని పోయినోళ్ళు కూడా తిరిగొచ్చి, ఎవరి గది వాళ్ళు తాళం తీసుకుని, ఫ్యానేసుకుని పడుకున్నారు.”

ఈ చివరి ముక్క ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదాయన. ఆ అమ్మాయి కోసం అప్పటికప్పుడు పుట్టించారు. నాకు నవ్వు రాలేదు. నా నాలుగు గదులూ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. మొదటి గది కిటికీలోంచి వేపచెట్టు కొమ్మ కనపడేది.

“కాబట్టి తల్లీ,” ఆయన గ్లాసు ఖాళీ చేసి మీసం తుడుచుకున్నారు, “నువ్వు గుండె నిబ్బరం చేసుకో. నేను లేనూ?”

శ్రీవల్లి ఏడుస్తోంది. కథ మొదట్లో బిగబట్టుకున్న మనిషి, చివరికొచ్చేసరికి ఏడ్చేసింది.

“మీ అట్లాంటోళ్ళకి అవుతుంది సార్,” అంది. “మీరు మిలిట్రీలో చేసినోరు. పది మంది వచ్చినా కూర్చున్న చోటు నుంచి లేయలేదు. జడ్జి ముందర గంటలు గంటలు మాట్లాడినారు. నాకు పోలీసోళ్ళని చూస్తేనే కాళ్ళు వణుకుతాయి. పొద్దున ఓనరు గట్టిగా మాట్లాడితే నేను హిందీ అంతా మర్చిపోయినాను. నా వల్ల కాదు సార్. సంతకం పెట్టేసి మా నాయనకి ఫోన్ చేస్తా.” నా వైపు తిరిగి చెయ్యి చాపింది. “అన్నా, పెన్నుందా?”

సూర్యనారాయణ గారి ముఖం చూడలేకపోయాను. ఆ పిల్లకి ధైర్యం వస్తుందని గంట సేపు కథని పెంచుకుంటూ పోయారు. అది పెరిగిన కొద్దీ ఆమె చిన్నదై కూర్చుంది. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.  నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. అలవాటైన చెయ్యి మరి.

“మహేష్, పెన్ను ఇవ్వకు.”

హనుమాయమ్మ గారు బెండకాయల పళ్ళెం పక్కన పెట్టి సందు దాటి వచ్చింది. శ్రీవల్లి పక్కన బెంచీ మీద కూర్చుని, ఒకసారి సూర్యనారాయణ గారి వైపు చూసింది. ఏమనుకోకండి అన్నట్టు చూసింది.

“అమ్మాయ్, ఈయన అసలు కోర్టు లోపలికే రాలేదు.”

ఏడేళ్ళుగా ఆవిడ ఆ కథ వింటోంది. కుర్చీకి డోరు నంబరొచ్చినా, ఫరీదాబాద్‌లో మంచు కురిసినా ఒక్కసారి కాదనలేదు. దశరథ్‌కి కూడా ఏదో తేడా తెలిసినట్టుంది, స్టవ్ తగ్గించాడు.

“ప్లేయరు ఎవరి కాలి మీదా పడలేదు. వాడు కరెంటు కట్ చేసే పోయాడు. ఈయన కుర్చీ వేసుకుని కూర్చున్న మాట నిజమే. ఒక గంట కూర్చున్నారు. అప్పుడు మెస్సులో తినే పిల్ల ఒకతి ఫోన్ నంబరు ఇచ్చింది. ఆడవాళ్ళకి కోర్టువాళ్ళే ఫీజు లేకుండా లాయర్ని ఇస్తారని చెప్పింది. ఫోన్ చేస్తే ఒక లాయరమ్మాయి వచ్చి, ఇక్కడే కూర్చుని అర్జీ రాసుకుపోయింది. ఎల్లుండి జడ్జిగారి ముందుకి రండి, మీరు ఇక్కడ ఉంటున్నట్టు కాగితాలేవైనా తెచ్చుకోండి అంది. ఉత్తరాల డబ్బా తీసుకెళదామనుకున్నాం. తెల్లారగట్ల కొట్టుగదిలో చీకటి. కరెంటు లేదు కదమ్మా. అటక మీద ఒకేలాంటి డబ్బాలు రెండున్నాయి. ఈయన తడుముకుని ఒకటి దించి భుజానికెత్తుకున్నారు.”

“ఇంకో దాంట్ల ఏముండె ఆంటీ?” అన్నాను. ఈ ముక్క నాకూ కొత్త.

“గుంటూరు నుంచి అప్పుడే వచ్చిన కారం.”

 శ్రీవల్లి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు సగంలో నవ్వు వచ్చి ఉక్కిరిబిక్కిరైంది. నేను దశరథ్‌కి చెప్పబోయి చెప్పలేక బెంచీ పట్టుకున్నాను.

“గేటు దగ్గర మూత తీశారు. ఎండాకాలం గాలి. అక్కడున్న వాళ్ళందరికీ కళ్ళ నీళ్ళు, తుమ్ములు. కోర్టులోకి పది కిలోల కారం ఎందుకు తెస్తున్నావ్, ఎవరి కళ్ళలో కొడదామని అని పట్టుకున్నారు. ఈయనకి హిందీ పోయింది, తెలుగూ పోయింది. చేతులు జోడించి నిలబడిపోయారు. చివరికి అమాయకుడని వాళ్ళకే నమ్మకం కుదిరింది. డబ్బా ఇక్కడ పెట్టి నువ్వు లోపలికి పో అన్నారు. ఈయనకి కాళ్ళు రాలేదు. నా పేరు పిలిచే వేళయింది. నేనొక్కదాన్నే వెళ్ళాను.”

“ఒక్కరేనా ఆంటీ?”

“ఒక్కదాన్నే. నా హిందీ సంగతి తెలుసుగా, కూరగాయల బండి వాడితో పనికొచ్చే హిందీ. లాయరమ్మాయి ఏదో చెప్పింది. జడ్జిగారు నన్నడిగారు, ఎన్నేళ్ళుగా ఉంటున్నావని. పందొమ్మిది అన్న మాట హిందీలో నోటికి రాలేదు. రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళు చూపించాను. ఒక వేలు మడిచి తొమ్మిది చూపించాను. ఆ వేళ్ళు ఎలా వణికాయంటే, ఆయనకి లెక్క తెలిసిందో లేదోనని మళ్ళీ చూపించాను. కాగితం ఏదన్నారు. గ్యాసు పుస్తకం ఇచ్చాను. ఆ పొద్దున పోస్ట్‌మ్యాన్ ఇచ్చిపోయిన కవరు ఒకటి సంచిలో ఉంటే అదీ ఇచ్చాను. ఎవరో పిల్లాడిది, కేరాఫ్ మన మెస్సు. ఆయన రెండూ చూసి రాసేశారు. కోర్టు చెప్పేదాకా ఖాళీ చేయించకూడదు, కరెంటు తిరిగి ఇవ్వాలి అని. జడ్జిగారి ముందు అంతా కలిపి ఐదు నిమిషాలు, కాగితం చేతికొచ్చేసరికి మూడు గంటలు. ఆ కాగితం చూశాక ఓనరు ఆర్నెల్లకి రాజీకొచ్చి అద్దె కాగితం రాసిచ్చాడు.”

ఆవిడ శ్రీవల్లి చెయ్యి పట్టుకుంది. బెండకాయ జిగురు ఇంకా వేళ్ళకి ఉంది.

“నువ్వు వణుకుతున్నావా అని అక్కడ నన్నెవరూ అడగలేదమ్మా. కాగితం ఉందా అనే అడిగారు. నీకు అద్దె కాగితం ఉందా?”

“ఉంది ఆంటీ. పోయిన ఆగస్టులో రాసింది. రెంటు ఫోన్‌లోనే కడతా, అదంతా ఉంది.”

“నాకున్నదాని కంటే నీకు ఎక్కువే ఉంది.”

శ్రీవల్లి కళ్ళు తుడుచుకుని సూర్యనారాయణ గారి వైపు తిరిగింది. గట్టిగా అడగలేదు, భయంగానూ అడగలేదు.

“నిజమేనా సార్?”

ఆయన చేతిలో ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. ఇప్పుడు ఒక్క మాట చాలు ఆయనకి. ఆవిడకి వయసు మీద పడి మతిమరుపు వచ్చిందనొచ్చు. డబ్బాలు తర్వాత మారాయనొచ్చు. అంతకంటే పెద్ద గండాల్లోంచి ఆ కథ గట్టెక్కడం నేను చూశాను. ఆయన ఆ పిల్ల ఒళ్ళో ఉన్న కాగితం వైపు చూశారు.

“నిజమే తల్లీ,” అన్నారు. “నేను గేటు దాటలేదు. చాలా భయమేసింది. ఒంటరి ఆడమనిషిని లోపలికి పంపించి నేను బయట నిలబడిపోయాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఏదేదో వాగాను.”

“నిలబడ్డారు కదా,” అంది హనుమాయమ్మ గారు. “మూడు గంటలు ఎండలో నిలబడ్డారమ్మా. వాళ్ళు పొమ్మన్నా పోలేదు. నేను వచ్చేసరికి కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ, ఆ డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని అక్కడే ఉన్నారు. నాకోసం బయట ఒక మనిషి ఉన్నాడని తెలిసే నేను లోపల చేతులెత్తగలిగాను. అందుకే ఈయన ఏం చెప్పుకున్నా నేను ఊరుకుంటాను. ఇవాళ నువ్వు పెన్ను అడగబట్టి నోరు తెరిచాను.”

శ్రీవల్లి ఒళ్ళో కాగితం నాలుగు మడతలు పెట్టింది. సంతకం లేకుండానే సంచిలో వేసుకుని లేచి నిలబడింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, మాకందరికీ కనపడుతూనే ఉంది. దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు.

“ఇప్పుడే కోర్టుకి పోదాం ఆంటీ. మీరు వస్తారా?”

“రాకుండా ఎలా?” హనుమాయమ్మ గారు కొంగు బిగించి నాకేసి చూసింది. “పొయ్యి మీద పప్పుంది, మూడు విజిల్స్‌కి దింపు. బెండకాయలు తరుగు. మరీ లావుగా తరక్కు.”

“లోపల ఆ లాయర్లు ఎక్కడుంటారు?” అంది శ్రీవల్లి.

ఆ ప్రశ్నకి అలవాటు కొద్దీ సూర్యనారాయణ గారే జవాబు మొదలుపెట్టారు. గొంతు కూడా పైకి లేచింది. తర్వాత తనే తగ్గించుకున్నారు.

“పెద్ద గేటులోంచి ఎల్లాక కుడి చేతి వైపంట తల్లీ. నేను చూడలేదు.”

“ఇవాళ చూద్దురుగాని,” అంది హనుమాయమ్మ గారు. “లేవండి.”